ఏది రాయాలి? ఇంగ్లీషు జంటమాటల్లో మూడు రకాల చిక్కులు

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)



గిడుగువారి పేరు మీద జరిగే సభలో ఇంగ్లీషు వ్యాకరణం ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. వ్యావహారిక భాషోద్యమం మొదలైన తీరు ఒకసారి గుర్తు చేసుకుంటే ఆ ఆశ్చర్యం ఉండదు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బడి పుస్తకాల్లో ఉన్న తెలుగు ఒకటి, జనం నోట వినబడే తెలుగు మరొకటి. ఎందుకిలా అని ఆయన పంతుళ్ళనూ పండితులనూ అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్న గిడుగువారి దగ్గరికి చేరింది. ఆ తరవాతి కథ మనకు తెలిసిందే. 1913లో ఆధునిక తెలుగు గురించి ఆయన ప్రచురించిన మెమొరాండం ఇంగ్లీషులోనే ఉంది. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణమూ ఇంగ్లీషులోనే 1931లో అచ్చయింది. ఇంగ్లీషు ఆయనకు పరాయి కాదు.

నేను ఇక్కడ ఇంగ్లీషు గురించి మాట్లాడటానికి అంతకంటే పెద్ద కారణం ఆయన పద్ధతి. వాడుక మాటలన్నీ తప్పులని పండితులు అన్నప్పుడు ఆయన తిరిగి వాదించి ఊరుకోలేదు. ఆ పండితులు రాసిన పుస్తకాలు తెరిచి, వాళ్ళు ప్రమాణంగా ఒప్పుకున్న వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో పుట తరవాత పుట చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అనే పేరులోనే ఆ చురక ఉంది. తప్పు అనే ముందు సాక్ష్యం చూడాలి. ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. దాన్ని పెట్టినవాళ్ళే పాటించారా అని అడగాలి. ఇంగ్లీషులో దాదాపు అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారవుతోంది. 1884లో తొలి సంచిక వచ్చింది, 1928లో పూర్తయింది. ఏ మాటకైనా రచయితలు వాడిన వాక్యాలను తేదీల వారీగా పేర్చి, దాని అర్థం ఇదీ అని చెప్పడం ఆ నిఘంటువు పని. వాడుకను సాక్షిగా పిలవడం రెండుచోట్లా ఒకటే.

ఇంగ్లీషులో జంటమాటలు మనల్ని జీవితాంతం వెంటాడతాయి. లెస్సా, ఫ్యూయరా? షల్లా, విల్లా? లై అనాలా, లే అనాలా? సిన్స్ పెట్టాలా, ఫర్ పెట్టాలా? గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం రాసే జనరల్ ఇంగ్లీషు పేపరు నుంచి బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టమనే ప్రశ్నల దాకా ఇవే. బజారులో దొరికే గైడ్లు వీటన్నిటినీ ఒకే జాబితాలో, అక్షరక్రమంలో పేర్చి కంఠస్థం చేయమంటాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇవన్నీ ఒక జాతివి కావు. నా లెక్కలో మూడు జాతులు: కొన్ని కంటికి మాత్రమే ఉన్న చిక్కులు, కొన్ని మన తెలుగు నుంచి వచ్చిన చిక్కులు, కొన్ని ఇంగ్లీషు వ్యాకర్తలు కావాలని పెట్టిన చిక్కులు. మూడింటికీ మందు వేరు.

1. కంటికి మాత్రమే ఉన్న చిక్కు

స్టేషనరీ అనే మాటను ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు. కదలకుండా ఉన్నది అనే అర్థంలో చివర ‘ఏ ఆర్ వై’ వస్తుంది. కాగితాలు, కలాలు అనే అర్థంలో ‘ఈ ఆర్ వై’ వస్తుంది. తెలుగు లిపిలో రాసినా, పైకి పలికినా తేడా లేదు. పుట్టుక కూడా ఒకటే. మధ్యయుగాల యూరప్‌లో సరుకు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్ళు మాత్రం ఒకచోట కుదురుగా దుకాణం పెట్టుకున్నారు. నిలకడగా ఉండేవాడు కాబట్టి అతను స్టేషనర్. అతను అమ్మే సరుకు స్టేషనరీ. అర్థాలు దూరమయ్యాక గుర్తు కోసం అక్షరం మార్చారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పొగడ్త అనే కాంప్లిమెంట్, పూరకం అనే కాంప్లిమెంట్ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. ఒకటి నేరుగా, ఇంకొకటి ఇటలీ, స్పెయిన్ భాషల మీదుగా. గుట్టుగా ఉండటం, విడివిడిగా ఉండటం అనే రెండు డిస్క్రీట్‌లదీ ఇదే కథ. పువ్వు, పిండి అనే రెండు ఫ్లవర్‌లు మొదట ఒకటే మాట. ధాన్యంలో మేలైన భాగాన్ని దాని పువ్వు అన్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి కూడా వాటి స్పెల్లింగులు స్థిరంగా విడిపోలేదు. ప్రాక్టీస్ అనే మాటను బ్రిటిష్ పద్ధతిలో నామవాచకమైతే ‘సి’తో, క్రియ అయితే ‘ఎస్’తో రాస్తారు. అమెరికావాళ్ళు రెండింటికీ ‘సి’ చాలన్నారు. లైసెన్స్ దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ ‘ఎస్’ చాలన్నారు. అందువల్ల వాళ్ళకేమీ నష్టం జరగలేదు.

ఈ జాతిలో అందరినీ తికమక పెట్టేది ఇట్స్. ‘దాని’ అనే అర్థంలో అపాస్ట్రఫీ లేకుండా, ‘అది’ అనే కర్తకు క్రియ కలిసినప్పుడు అపాస్ట్రఫీతో రాయాలి. ఇది నిన్నమొన్నటి కట్టుబాటు. ‘దాని’ అనే ఇట్స్ అసలు 16వ శతాబ్దం చివర పుట్టింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తొలి ముద్రణలో ఆ రూపం కనబడదు. పుట్టిన తరవాత కూడా 18వ శతాబ్దమంతా బాగా చదువుకున్నవాళ్ళే దాన్ని అపాస్ట్రఫీతో రాశారు. రాముడు, సీత అనే పేర్లకు చేర్చినప్పుడు అపాస్ట్రఫీ పెట్టి, సర్వనామానికి మాత్రం తీసేయమంటే పిల్లలు తడబడటం సహజం. నిజానికి తర్కం పిల్లల పక్షానే ఉంది. కట్టుబాటు మాత్రం అచ్చుయంత్రం పక్షాన ఉంది.

వీటికి వ్యాకరణం బోధించి ప్రయోజనం లేదు. చేయి అలవాటు పడాలి, అంతే. పేపర్ అనే మాట చివర ‘ఈ ఆర్’ ఉంది కదా, కాగితాల స్టేషనరీలోనూ ‘ఈ ఆర్’ అని ఒక గుర్తు చెప్పి ముందుకు వెళ్ళవచ్చు. ఇక్కడ తడబడ్డవాడికి ఇంగ్లీషు రాదని తీర్పు చెప్పకూడదు. వాడికి రానిది ఒక అక్షరం మాత్రమే.

2. తెలుగు నుంచి వచ్చిన చిక్కు

రెండో జాతి అలా కాదు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన బడుల్లో దీని గురించే తక్కువ చెబుతారు.

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడు ‘మేము’, ‘మనము’ దగ్గర తప్పకుండా బోల్తా పడతాడు. వాడి భాషలో రెండింటికీ ఒకటే మాట. ఇంటికి వచ్చిన చుట్టంతో ‘మేము భోంచేద్దాం రండి’ అంటాడు. మనం నవ్వుతాం. రెండు భాషలు ఒకే పొలాన్ని దున్నినా హద్దురాళ్ళు ఒకేచోట పాతుకోవు. వాళ్ళకు ఒకే మడి ఉన్నచోట మనకు రెండు, మనకు ఒకటే ఉన్నచోట వాళ్ళకు రెండు. తికమక అంతా ఆ రాళ్ళ దగ్గరే పుడుతుంది గాని బుద్ధి తక్కువై కాదు.

సిన్స్, ఫర్ సంగతి చూడండి. ‘2019 నుంచి ఇక్కడే ఉంటున్నాను’, ‘అయిదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను’. రెండుచోట్లా మనకు ‘నుంచి’ చాలు. ఇంగ్లీషుకు మొదటిచోట సిన్స్, రెండోచోట ఫర్ కావాలి. అందుకే మనవాళ్ళు సిన్స్ ఫైవ్ ఇయర్స్ అంటారు. కాలబిందువు, కాలవ్యవధి అని పుస్తకాలు చెప్పే నిర్వచనం పిల్లలకు అందదు. దానికి బదులు తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘పాటు’ పెట్టి చూడండి. ‘అయిదేళ్ళ పాటు’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘2019 పాటు’ కుదరలేదు, కాబట్టి సిన్స్. ‘మూడు రోజుల పాటు’ అంటాం, ‘సోమవారం పాటు’ అనం. ఈ పరీక్ష ఏడో తరగతి పిల్లవాడు కూడా చేసుకోగలడు. మిగిలిన ఒక్క సంగతి క్రియ గురించి. మనం ‘ఉంటున్నాను’ అని వర్తమానంలో చెప్పేదాన్ని ఇంగ్లీషు హ్యావ్ బీన్ అని వెనక నుంచి లాక్కొస్తుంది. అది విడిగా చెప్పాలి.

బై, అంటిల్ దగ్గర మన భాషే మనకు బలం. ‘అయిదింటి దాకా ఉంటాను’ అంటే అంటిల్. ‘అయిదింటికల్లా ఇచ్చేస్తాను’ అంటే బై. ‘దాకా’కూ ‘కల్లా’కూ తేడా తెలియని తెలుగు పిల్లలు లేరు. అయినా దరఖాస్తు సోమవారంలోగా ఇవ్వాలని రాయాల్సినచోట అంటిల్ వాడటం చూస్తుంటాం. తేడా తెలియక కాదు, తనకు తెలిసిన తేడాయే ఇదని ఎవరూ చూపించక.

ఇంగ్లీషు పిల్లలకే కష్టమైనది లై, లే. ఒకటి తానే పడుకోవడం, ఇంకొకటి మరొకదాన్ని పెట్టడం. పైగా లై అనే క్రియ భూతకాలంలో లే అవుతుంది కాబట్టి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ శతాబ్దాలుగా కలిపేస్తూనే ఉన్నారు. మనకు ఇది కష్టం కాకూడదు. ఇవి పాత జర్మానిక్ భాషల నుంచి వచ్చిన ప్రేరణార్థక జంటలు. రైజ్, రెయిజ్ అలాంటివే. సిట్, సెట్ అలాంటివే. చెట్టు పడటానికి ఫాల్, చెట్టును పడగొట్టడానికి ఫెల్. ఇంగ్లీషులో ఆ పద్ధతి చచ్చిపోయింది, కొన్ని జంటలు మిగిలాయి. తెలుగులో అది నిక్షేపంగా ఉంది: లేచు, లేపు, దిగు, దించు, ఆగు, ఆపు, తిరుగు, తిప్పు. ‘బస్సు ఆగింది’కి బదులు ‘బస్సు ఆపింది’ అనే తెలుగు పిల్ల ఎక్కడా ఉండదు. కనుక రైజ్ అంటే లేచు, రెయిజ్ అంటే లేపు. సూర్యుడు లేస్తాడు, మనం చెయ్యి లేపుతాం. ఇక లే అంటే పెట్టు. కోడి గుడ్డు పెడుతుంది, మేస్త్రి ఇటుక పెడతాడు. రెండుచోట్లా ఇంగ్లీషులో లే అనే క్రియే. ‘దేన్ని?’ అనే ప్రశ్నకు జవాబు ఉంటే లే, లేకపోతే లై.

మచ్, మెనీ దగ్గర కూడా తెలుగు ముందుంది. మనకు ‘ఎంత’ వేరు, ‘ఎన్ని’ వేరు, ‘ఎందరు’ వేరు. ‘ఎంత’ అని అడగగలిగితే మచ్, ‘ఎన్ని’, ‘ఎందరు’ అయితే మెనీ. లెస్, ఫ్యూయర్ కూడా ఇదే దారి. ‘ఎంత నూనె తగ్గింది’ అయితే లెస్. ‘ఎన్ని కుర్చీలు తగ్గాయి’ అయితే ఫ్యూయర్. ఈ నియమానికి ఇంగ్లీషు పుస్తకాలు ఒక మినహాయింపు చెబుతాయి: దూరం, కాలం, డబ్బు లెక్కపెట్టదగినవే అయినా వాటికి లెస్ అనాలి. పది మైళ్ళకు లెస్, పది నిమిషాలకు లెస్, పది రూపాయలకు లెస్. ఇంగ్లీషులో చదివితే ఇది అడ్డదిడ్డంగా కనబడుతుంది. తెలుగులో అడగండి: ఎంత దూరం, ఎంతసేపు, ఎంత డబ్బు. మన ‘ఎంత’ ఆ మినహాయింపును ముందే తనలో కలుపుకొని ఉంది. ఈ పరీక్ష ఓడిపోయే చోట్లూ ఉన్నాయి, దాచకూడదు. మనం ‘ఎన్ని సలహాలు’ అంటాం, ఇంగ్లీషులో అడ్వైస్ లెక్కకు రాదు. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్ అంతే. వాటిని జాబితాగా నేర్చుకోవాల్సిందే. అయినా ఆ జాబితా ఒక పుటకు మించదు.

ఈ రెండో జాతిలో అన్నిటికంటే పెద్ద చిక్కు ‘ఇంగ్’ రూపం. ఐ యామ్ నోయింగ్, ఐ యామ్ వాంటింగ్, ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్ అని మనవాళ్ళు అంటారని ఎగతాళి చేస్తారు. స్థితిని చెప్పే క్రియలకు ‘ఇంగ్’ చేర్చకూడదని పుస్తకాల నియమం. ఏది స్థితి, ఏది పని? దానికి కూడా పొడుగాటి జాబితాయే. ఆ జాబితాలోని క్రియలను ఒక్కొక్కటే తెలుగులో చెప్పి చూడండి: నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు. నాకు గుర్తుంది. నాకు అనిపిస్తుంది. నాకు కనబడుతోంది. నాకు వినబడుతోంది. ప్రతిచోటా ‘నేను’ పోయి ‘నాకు’ వచ్చింది. తెలుగులో మనిషి చేసే పనికి ‘నేను’, మనిషికి కలిగే స్థితికి ‘నాకు’. ఇంగ్లీషు రెండుచోట్లా ఐ అనే పెట్టుకుంటుంది, తేడాను మాత్రం క్రియ రూపంలో చూపిస్తుంది. తెలుగులో ‘నాకు’ వస్తే, ఇంగ్లీషులో సాధారణంగా ‘ఇంగ్’ రాదు.

ఇదే తాళంచెవి హియర్, లిజన్ జంటను కూడా తెరుస్తుంది. ‘నాకు వినబడుతోంది’ అంటే హియర్. ‘నేను వింటున్నాను’ అంటే లిజన్. దానికి ‘ఇంగ్’ హాయిగా వస్తుంది. ‘నాకు కనబడుతోంది’ అంటే సీ. ‘నేను చూస్తున్నాను’ అంటే లుక్, వాచ్. మినహాయింపులు లేకపోలేదు. ‘నమ్ముతున్నాను’ అన్నప్పుడు మనకు ‘నేను’ వస్తుంది, ఇంగ్లీషులో బిలీవ్‌కు ‘ఇంగ్’ రాదు. ‘నాకు అర్థమవుతోంది’ అనే మన వాక్యం అండర్‌స్టాండింగ్ అనమని ఊరిస్తుంది. అయినా పదింట ఎనిమిదిచోట్ల దారి చూపే గుర్తును వదులుకోవడం ఎందుకు? వేలాది తెలుగు పిల్లలు ఇంటి నుంచే తెచ్చుకున్న జ్ఞానం ఇది. ఇంగ్లీషు తరగతిలో అడుగుపెట్టగానే దాన్ని గుమ్మం బయట వదిలేసి రమ్మంటున్నాం.

3. వ్యాకర్తలు పెట్టిన చిక్కు

మూడో జాతి మాటలకు పుట్టిన తేదీలున్నాయి, పుట్టించినవాళ్ళ పేర్లూ ఉన్నాయి.

లెస్, ఫ్యూయర్ తేడా వాడటానికి సులువే గాని, దానికి ఇంత కటువుదనం ఎక్కడి నుంచి వచ్చింది? 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలం నుంచీ ఇంగ్లీషువాళ్ళు లెక్కపెట్టే వస్తువులకు కూడా లెస్ వాడుతూనే ఉన్నారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇంగ్లీషు భాష మీద తన ఆలోచనలను ఒక పుస్తకంగా వేశాడు. అందులో, సంఖ్య చెప్పేచోట నాకైతే ఫ్యూయర్ బాగుంటుందనిపిస్తుంది అని ఒక అభిరుచి చెప్పాడు. తరవాతి వ్యాకర్తల చేతుల్లో ఆ అభిరుచి శాసనమైంది. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలవాళ్ళు పది వస్తువుల లోపు కొన్నవాళ్ళ వరుసకు పెట్టిన బోర్డులో లెస్ అనే మాట మీద గొడవ భరించలేక, రెండు మాటలూ లేకుండా పది వస్తువుల వరకు అని అర్థమొచ్చేలా బోర్డు మార్చుకున్నారు.

షల్, విల్ కథ ఇంకా పాతది. ఉత్తమపురుషకు భవిష్యత్తు చెప్పాలంటే షల్, మధ్యమ, ప్రథమ పురుషలకు విల్. పట్టుదల, ఆజ్ఞ చెప్పాలంటే తలకిందులు. ఈ పట్టికను మొదట స్పష్టంగా వేసినవాడు జాన్ వాలిస్. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణితం ఆచార్యుడు. అనంతానికి ఇవాళ మనం వేసే గుర్తు ఆయన ప్రవేశపెట్టిందే. 1653లో విదేశీయుల కోసం ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశాడు. పట్టిక గణితజ్ఞుడి చేతి పని అని చూడగానే తెలుస్తుంది, అంత పొందికగా ఉంటుంది. వాడుక అంత పొందికగా ఎప్పుడూ లేదు. స్కాట్లండు, ఐర్లండు, అమెరికాల్లో దాన్ని ఎక్కువమంది పట్టించుకోనే లేదు. 1906లో ఫౌలర్ సోదరులు తమ పుస్తకంలో ఈ ఒక్క జంటకు బోలెడన్ని పుటలు కేటాయించి, దక్షిణ ఇంగ్లండులో పుట్టినవాళ్ళకు ఇది పుట్టుకతో వస్తుందనీ మిగతావాళ్ళకు రావడం కష్టమనీ తేల్చారు. ఇంగ్లండులోనే సగంమందికి రానిది మన ఊరి పిల్లవాడికి రాలేదని మార్కులు కోయడంలో న్యాయమేముంది?

1762లో రాబర్ట్ లౌత్ రాసిన చిన్న వ్యాకరణం ఈ ధోరణికి ఊపు తెచ్చింది. ఆయన తరవాత లండన్ బిషప్ అయ్యాడు. షేక్‌స్పియర్, మిల్టన్, చివరికి బైబిల్ అనువాదం నుంచి కూడా తప్పులు ఎత్తి పుటల అడుగున చూపించాడు. మహాకవులు అందరూ తప్పి, నియమం ఒక్కటే ఒప్పు కావడం ఎలా సాధ్యమో ఆయన ఆలోచించలేదు. యార్క్‌లో స్థిరపడిన అమెరికన్ లిండ్లీ మర్రే 1795లో ఒక ఆడపిల్లల బడి కోసం రాసిన వ్యాకరణం లౌత్ చెప్పిన వాటిని ఇంటింటికీ చేర్చింది. ఆ వంశవృక్షం చివరి కొమ్మల్లో ఒకటి మనకు బాగా తెలిసిన రెన్ అండ్ మార్టిన్. బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో పనిచేసి, తరవాత ‘బో జెస్ట్’ నవలతో పేరు తెచ్చుకున్న పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి రాసిన ఆ పుస్తకం 1930లలో వచ్చింది. తరవాత దాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు ముఖపత్రం మీద చూసే మన తరాలు చదువుకున్నాయి. ఇంగ్లండు మరిచిపోయిన కొన్ని నియమాలు ఆ పుస్తకం పుణ్యమా అని మన ప్రశ్నపత్రాల్లో ఇంకా బతికి ఉన్నాయి.

దట్, విచ్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1926లో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ ఈ రెంటికీ పనులు పంచుకుంటే బాగుంటుందన్నాడు. అయితే ఎక్కువమంది రచయితలు గాని మంచి రచయితలు గాని అలా రాయడం లేదని తనే ఒప్పుకున్నాడు. ఆయన మర్యాదగా చేసిన సూచనను అమెరికా సంపాదకులు కచ్చితమైన నియమం చేశారు.

ఒక వ్యక్తికి దే అనవచ్చా అనే తగవు కూడా ఇక్కడిదే. ఆడో మగో తెలియని ఒక్కరి గురించి చెప్పేటప్పుడు దే వాడటం 14వ శతాబ్దం నుంచీ ఉంది. వ్యాకర్తలు కాదని, అందరికీ హి చాలన్నారు. మన దేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను కూడా పుంలింగంలో స్త్రీలూ కలిసి ఉంటారని చెబుతుంది. ఒకరికి బహువచనమేమిటని ఆశ్చర్యపడటానికి తెలుగువాళ్ళం మనం తగం. ‘మాస్టారు వచ్చారు’ అంటే ఎందరు వచ్చారు? ఇంగ్లీషు యు కూడా మొదట బహువచనమే, అచ్చంగా మన ‘మీరు’. వాళ్ళ ‘నువ్వు’ అయిన దౌ వాడుకలోంచి పోయింది, అందరూ ‘మీరు’ అయ్యారు. అందుకే ఒక్కరితో మాట్లాడుతున్నా యు ఆర్ అనే బహువచన క్రియ.

తేడా నిజంగా బరువైన చోటు

ఈ మూడో జాతి అంతా ఉత్త పట్టింపేనని కొట్టిపారేయడానికి లేదు. అదే షల్ చట్టంలోకి వచ్చేసరికి మనుషుల ఉద్యోగాలు, ఆస్తులు దాని మీద ఆధారపడతాయి. చట్టంలో షల్ అంటే తప్పనిసరి, మే అంటే ఐచ్ఛికం అని మామూలు అవగాహన. కోర్టులు అంత సులువుగా వదల్లేదు. 1880లో ఆక్స్‌ఫర్డ్ బిషప్ మీద జూలియస్ అనే ఆయన వేసిన దావాలో, అధికారం ఇస్తున్నట్టుగా ఉన్న మాటలు ఏ సందర్భంలో బాధ్యతగా మారతాయో ప్రభువుల సభ విచారించింది. ఆ తీర్పును మన కోర్టులు ఈనాటికీ ఉదహరిస్తాయి. 1957లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికీ మన్‌బోధన్‌లాల్ శ్రీవాస్తవకూ మధ్య కేసులో ప్రశ్న తలకిందులైంది. ఉద్యోగుల క్రమశిక్షణ విషయాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 320వ అధికరణం షల్‌తో చెబుతుంది. సంప్రదించకపోయినంత మాత్రాన ప్రభుత్వ నిర్ణయం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు అంది. అంటే అక్కడ షల్ తప్పనిసరి కాలేదు.

ఇలాంటి తగవులు చూసే చట్టాలు రాసేవాళ్ళు కొన్ని దేశాల్లో షల్‌నే వదిలేస్తున్నారు. 2007లో అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను తిరగరాసినప్పుడు షల్ తీసేసి, విధిగా చేయాల్సినదానికి మస్ట్, ఇష్టమున్నదానికి మే పెట్టారు. మన సచివాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో ఉత్తర్వులు రాసేవాళ్ళకు ఇదొక మంచి పాఠం. వాలిస్ పట్టిక కంఠస్థం చేయనక్కరలేదు. చేయకపోతే ఏమవుతుందో ఉత్తర్వులోనే రాస్తే షల్ మీద ఎవరూ కోర్టుకు వెళ్ళరు.

ఉపాధ్యాయులకు మూడు సూచనలు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం విస్తరించింది. ఇంగ్లీషు బోధన మీద పరిశోధనకు 1958లోనే హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ వెలిసింది. ఇవాళ అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). ఇంత ఏర్పాటు ఉండి కూడా తరగతి గదిలో జంటమాటల జాబితా అక్షరక్రమంలోనే సాగుతోంది.

మొదటిది: ఆ జాబితాను మూడు నిలువు గళ్ళుగా విడదీయండి. స్పెల్లింగు జంటలు ఒక గడి, తెలుగు వల్ల వచ్చినవి ఒక గడి, వ్యాకర్తలు పెట్టినవి ఒక గడి. ఒక్కో గడికి బోధన వేరుగా ఉండాలి. మొదటిదానికి రాత అభ్యాసం చాలు. రెండోదానికి తెలుగు పరీక్షలు పెట్టండి: ‘పాటు’ పరీక్ష, ‘నాకు’ పరీక్ష, ‘ఎంత’ పరీక్ష. ఇంగ్లీషు గంటలో తెలుగు వినబడకూడదనే కట్టడి ఉన్న బడుల్లో కూడా ఈ పది నిమిషాలు ఇవ్వండి. ఆ కట్టడి వల్లే పిల్లలు తెలిసిన తేడాను కొత్తదిలా నేర్చుకోవాల్సి వస్తోంది.

రెండోది: మూడో గడిలోని వాటిని చరిత్రతో చెప్పండి. ఇది 1770లో బేకర్ ఇష్టం, ఇది 1653లో వాలిస్ పట్టిక అని చెబితే పిల్లలు వాటిని మరిచిపోరు, వాటికి భయపడరు కూడా. పోటీ పరీక్షలకు వెళ్ళే విద్యార్థులు మాత్రం అక్కడ వాదనకు దిగవద్దు. కీ ఫ్యూయర్ అంటే ఫ్యూయరే గుర్తించండి. ఉద్యోగం వచ్చాక వాదించవచ్చు.

మూడోది దిద్దుబాటు గురించి. ఎర్రసిరాతో గీత గీసిన ప్రతిచోటా పక్కన ఆ తప్పు ఏ గడిదో ఒక అంకె వేయండి. ఒకటి అయితే స్పెల్లింగుకే మార్కు తగ్గించండి. రెండు అయితే మార్కు తగ్గించి, తెలుగు పరీక్ష గుర్తు చేయండి. మూడు అయితే గుర్తు చేయండి గాని మార్కు తగ్గించవద్దు. ఒక టర్మ్ పాటు ఇలా దిద్దితే తరగతిలో ఎవరికి ఏ సాయం కావాలో మీకే లెక్క తేలుతుంది. ఎర్రగీతల్లో ఎక్కువభాగం రెండో అంకెవే ఉంటాయని నా అంచనా. ఆ అంచనా నిజమైతే, మన పిల్లల ఇంగ్లీషు బాగుపడటానికి కావాల్సిన సరంజామాలో సగం వాళ్ళ తెలుగులోనే ఉన్నట్టు. అబద్ధమైతే మీ నోటుపుస్తకాలే సాక్ష్యం. నా మాట పక్కన పెట్టి వాటినే నమ్మండి.